బడిలో మింగే నీలం మాత్రలో మన సుబ్బారావు

వారంలో ఒక రోజు. మధ్యాహ్న భోజనం అయిపోయింది. పిల్లలు కంచాలు కడుక్కుని వచ్చి వరసలో కూర్చున్నారు. టీచరు ఒక్కొక్కరి చేతిలో ఓ నీలం మాత్ర పెడుతున్నారు. దమ్మపేట మండలంలో పామాయిల్ తోటల మధ్య ఉన్న బడి కావచ్చు, ఏజెన్సీలో లోపలికి ఉన్న ఆశ్రమ పాఠశాల కావచ్చు, పట్నంలో సర్కారు బడి కావచ్చు. అన్నిచోట్లా అదే మాత్ర. కొందరు గబుక్కున మింగి నీళ్లు తాగేస్తారు. కొందరు దాన్ని బుగ్గన పెట్టుకుని, టీచరు అటు తిరగ్గానే కిటికీలోంచి ఊసేస్తారు. కడుపులో తిప్పుతుందని ఒకరు, ఇంట్లో వద్దన్నారని ఇంకొకరు, పక్కవాడు మింగలేదని మరొకరు.

ఆ మాత్రలో ఉండేవి రెండు మందులు. ఒకటి ఇనుము. ఇది అందరికీ తెలిసిందే. రెండోది ఫోలిక్ ఆమ్లం. దీని వెనక ఒక తెలుగువాడి జీవితం ఉందని పిల్లలకే కాదు, మాత్ర పంచే పెద్దల్లోనూ చాలామందికి తెలియదు. గోదావరి ఒడ్డున చదువుకుని, సొంత తోబుట్టువులను రక్తహీనత తెచ్చే జబ్బుకు పోగొట్టుకుని, ఆ జబ్బుకు విరుగుడు దొరికే ప్రయోగశాలను నడిపిన మనిషి కథ అది. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

మెట్రిక్ రెండుసార్లు తప్పాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగోక ముందుగానే ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. తల్లి వెంకమ్మ. ఇంటినిండా పిల్లలు, చాలీచాలని రాబడి. కుర్రాడికి చదువు మీద మొదట్లో పెద్దగా ధ్యాస లేదు. పదమూడేళ్ల వయసులో ఇంట్లో చెప్పకుండా కాశీకి బయల్దేరాడని, అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలనుకున్నాడని చెబుతారు. వెనక్కి తెప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది తల్లే.

రాజమండ్రిలో చదివాడు. మెట్రిక్ తప్పాడు. మళ్లీ రాశాడు, మళ్లీ తప్పాడు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడోసారి రాసి గట్టెక్కాడు. ఆ చదువు కోసం తల్లి ఒంటిమీది బంగారం అమ్మింది. ప్రపంచం మొత్తం వాడే మందులను ఇచ్చిన శాస్త్రవేత్త బడి జీవితం ఇదీ. పరీక్ష తప్పిన పిల్లవాడిని ఇక వీడింతే అని వదిలేసే ఇళ్లలో ఈ ఒక్క సంగతి చెప్పుకున్నా చాలు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక సుబ్బారావు మనసు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం నేర్చుకుని జనానికి సేవ చెయ్యమని మఠం పెద్దలు చెప్పారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

జబ్బు ఇంట్లోకే వచ్చింది

అప్పట్లో మన ప్రాంతంలో స్ప్రూ అనే పేగుల జబ్బు చాలామందిని పొట్టన పెట్టుకునేది. ఆగని విరేచనాలు, నోరంతా పూత, నాలుక ఎర్రబడి మంట, రోజురోజుకీ ఒళ్లు కరిగిపోవడం, చివరికి తీవ్రమైన రక్తహీనత. తిన్నది తిన్నట్టే పోతుంటే మనిషి కళ్లముందే ఎండిపోయేవాడు. ఆ జబ్బు సుబ్బారావు ఇంట్లోకి వచ్చి, రోజుల వ్యవధిలోనే ఇద్దరు సోదరులను తీసుకుపోయింది. వైద్య విద్యార్థి అయి ఉండీ ఆయన చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆయన ఒక్కరే కాదు, అప్పటికి ఏ డాక్టరు చేతిలోనూ దానికి సరైన మందు లేదు.

తర్వాత అదే జబ్బు ఆయనకూ సోకింది. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన వైద్యంతో కోలుకున్నారు. తాను బతికారు గానీ, ఈ జబ్బు ఎందుకొస్తోంది, ఒంట్లో ఏది తక్కువై మనిషి పాలిపోతున్నాడు అన్న ప్రశ్న ఆయనను వదల్లేదు.

కాలేజీలో మరో దెబ్బ తగిలింది. గాంధీజీ పిలుపు విని విదేశీ బట్టలు వదిలేసిన సుబ్బారావు, శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు గౌను వేసుకుని వెళ్లారు. ఇంగ్లిషు ప్రొఫెసరుకు అది నచ్చలేదు. పరీక్షల్లో బాగా రాసినా ఎంబీబీఎస్ దక్కలేదు, అంతకంటే తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. ఆ పట్టాతో సర్కారు వైద్యశాఖలో చోటు దొరకలేదు. డాక్టర్ లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ, పైచదువు కోసం దారులు వెతుక్కున్నారు.

పగలు చదువు, రాత్రి ఆసుపత్రి పాకీపని

1919లో ఆయనకు శేషగిరితో పెళ్లయింది. మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ చేయూత కలిసి ఆయనను ఓడ ఎక్కించాయి. 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరేసరికి జేబులో మిగిలింది కొద్దిపాటి డబ్బే. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. ఇక్కడి డాక్టరు పట్టా అక్కడ వైద్యం చేయడానికి పనికిరాలేదు. పొట్ట గడవాలంటే ఏదో ఒక పని చేయాలి. రాత్రిపూట ఒక ఆసుపత్రిలో కూలికి చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం ఆ పని. తెల్లారాక మళ్లీ చదువు.

బయల్దేరేనాటికి భార్య కడుపుతో ఉంది. తర్వాత కొడుకు పుట్టాడు, పసితనంలోనే ఇన్‌ఫెక్షన్ సోకి చనిపోయాడు. ఆ బిడ్డ ముఖం సుబ్బారావు చూడనే లేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర జీవరసాయన పరిశోధనలో చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆ తర్వాత కండరాల్లో శక్తి ఎక్కడ దాగుంటుందో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. మన ఒంట్లో ప్రతి కణం ఖర్చుపెట్టే చిల్లర నాణెం లాంటిది ఏటీపీ. పదో తరగతి పిల్లలు జీవశాస్త్రంలో చదివే ఆ మూడక్షరాల వెనక కూడా భీమవరం కుర్రాడు ఉన్నాడు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇన్ని చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి మారారు. కొద్దికాలానికే అక్కడ పరిశోధనలన్నిటికీ అధిపతి అయ్యారు.

ఆకు పేరు పెట్టుకున్న విటమిన్

ఇక్కడ కథ ఒకసారి బొంబాయి వెళ్లాలి. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఇంగ్లిషు డాక్టరమ్మ అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులను పరీక్షించింది. వాళ్లకు రక్తం లేదు, కానీ ఇనుము ఇస్తే సరిపోయే రకం రక్తహీనత కాదు అది. ఈస్టు సారం తినిపిస్తే కోలుకున్నారు. అంటే ఆ సారంలో ఇనుము కాని మరేదో ఉంది. అదేమిటో తెలియడానికి ఇంకా పదిహేనేళ్లు పట్టింది. 1941లో అమెరికాలోని టెక్సస్‌లో శాస్త్రవేత్తలు టన్నులకొద్దీ పాలకూర నలగ్గొట్టి ఆ పదార్థాన్ని కొద్దికొద్దిగా రాబట్టారు. ఆకులో దొరికింది కాబట్టి లాటిన్‌లో ఆకు అనే అర్థం వచ్చేలా ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

పేరైతే వచ్చింది, మందు రాలేదు. ఆకుల్లోంచో, కాలేయంలోంచో తీస్తే చిటికెడే వచ్చేది. రోగులకు ఇవ్వాలంటే దాన్ని కారఖానాలో తయారుచేయగలగాలి. సుబ్బారావు ఈ పని మీద పెద్ద బృందాన్నే కూర్చోబెట్టారు. కాలేయం నుంచి శుద్ధమైన స్ఫటికాలు తీశారు. దాని నిర్మాణం విప్పారు. 1945లో దాన్ని రసాయనికంగా తయారుచేసినట్టు ప్రకటించారు. వెంటనే స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. మంచం పట్టినవాళ్ల నాలుక మంట తగ్గింది, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. సోదరుల్ని తీసుకుపోయిన జబ్బుకు మందు దొరికింది. కాకపోతే రెండు దశాబ్దాలు ఆలస్యంగా.

కథ అక్కడితో ఆగలేదు. ఆయన పర్యవేక్షణలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్స్‌లో మొట్టమొదటిది ఇదే. స్ప్రూకు నేటికీ డాక్టర్లు ఇచ్చే వైద్యం ఏమిటో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, దానితో పాటు టెట్రాసైక్లిన్. రెండూ ఆ ఒక్క ప్రయోగశాల నుంచే బయటికొచ్చాయి.

ఇంతకీ ఒంట్లో ఫోలిక్ ఆమ్లం చేసే పనేమిటి? ఎముక మూలుగలో ప్రతి క్షణం లక్షల కొద్దీ ఎర్ర రక్తకణాలు పుడుతుంటాయి. ఒక కణం రెండు కావాలంటే దానిలోని డీఎన్ఏకు ముందు నకలు తయారవ్వాలి. ఆ నకలుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. అది లేకపోతే కణాలు ఉబ్బి, పక్వం కాకుండా మిగిలిపోతాయి. ఇనుము ఎర్రకణంలో రంగు నింపితే, ఫోలిక్ ఆమ్లం ఆ కణమే పుట్టేలా చేస్తుంది. నీలం మాత్రలో రెండూ కలిపి పెట్టడానికి కారణం ఇదే.

బోదకాలుకూ, బాల్య క్యాన్సర్‌కూ

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులకు ఫైలేరియా సోకింది. గోదావరి జిల్లాల్లో పెరిగిన సుబ్బారావుకు ఆ జబ్బు కొత్తది కాదు. బోదకాళ్లతో అడుగు తీసి అడుగు వేయలేని మనుషులు ఆ డెల్టా ఊళ్లలో కనబడేవారు. దీనికి నోటితో మింగే మందు కోసం ఆయన బృందం వందల రసాయనాలు పరీక్షించి, 1947లో డైఇథైల్ కార్బమజైన్ అందించింది. హెట్రజాన్ అనే పేరుతో వచ్చిన ఈ మందునే మనం డీఈసీ అంటున్నాం. ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఏటా ఒక పూట ఇంటింటికీ, బడిబడికీ వచ్చి కళ్లముందే మింగించే మాత్రలు ఇవే.

అదే రోజుల్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టరు ఒక సంగతి గమనించారు. రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే జబ్బు కణాలు మరింత పెరుగుతున్నాయి. అయితే దానికి అడ్డుపడే పదార్థం ఇస్తే? సుబ్బారావు బృందం అలాంటి మందులు తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ 16 మంది పిల్లల ఫలితాలు ప్రకటించారు. 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఏ మందూ చేయని పని అది. ఆ కోవలోనే వచ్చిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల రక్త క్యాన్సర్ వైద్యంలో, కీళ్లవాతంలో వాడుతున్నారు.

మళ్లీ ఇంటికి రాలేదు

మూడేళ్లలో చదువు ముగించి వస్తానని వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. శేషగిరి ఎదురుచూస్తూనే ఉండిపోయారు. అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు వచ్చినా ఆయన తీసుకోలేదు. తన బృందం కనిపెట్టినవాటికి ముందు వరసలో తన పేరు పెట్టుకోలేదు, పత్రికలవాళ్ల ముందుకు రాలేదు. మందు బయటికొచ్చిన సభల్లో సహచరులను ముందు నిలబెట్టి తాను వెనక ఉండిపోయేవారు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53 ఏళ్లు. శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. అయినా ఆయన మందులు చేరినంత దూరం ఆయన పేరు చేరలేదు.

మాత్ర ఒక్కటే ఇస్తే చాలదు

ఇప్పుడు మళ్లీ దమ్మపేట బడికి వద్దాం. సుబ్బారావు సోదరుల కాలంలో మందు లేదు. మన పిల్లల కాలంలో మందు బడి దాకా వచ్చి, అరచేతిలో కూర్చుంది. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి, అదే వయసు మగపిల్లల్లో 31.1 శాతం మందికి రక్తహీనత ఉంది. క్లాసులో పిల్ల నిద్రపోతుంటే బద్ధకం అనుకుంటాం. ఆటల పీరియడ్‌లో ఆయాసపడి కూర్చుంటే సుకుమారం అనుకుంటాం. లెక్క బుర్రకెక్కకపోతే మొద్దు అంటాం. చాలాసార్లు అది ఒంట్లో రక్తం చాలకపోవడమే.

ఏజెన్సీలో దీనికి ఇంకొన్ని కారణాలు తోడవుతాయి. చెప్పులు లేకుండా తిరిగే పాదాల గుండా కొంకిపురుగులు ఒంట్లోకి చేరి పేగుల్లో రక్తం పీలుస్తాయి. మలేరియా జ్వరం ఎర్రకణాలను పగలగొడుతుంది. గిరిజన కుటుంబాల్లో కొందరికి వంశపారంపర్యంగా సికిల్ సెల్ జబ్బు ఉంటుంది. వీళ్ల ఎర్రకణాలు త్వరగా నశిస్తాయి కాబట్టి కొత్తవి పుట్టడానికి ఫోలిక్ ఆమ్లం మరింత అవసరం. ఇనుము మాత్రం డాక్టరు చూసి చెబితేనే వేసుకోవాలి. అందుకే ఊళ్లో సికిల్ సెల్ పరీక్షలు చేసే రోజున పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లాలి.

ఆడపిల్లల విషయంలో మరో కారణం ఉంది. కడుపులో బిడ్డ వెన్ను, మెదడు రూపుదిద్దుకునేది మొదటి నాలుగు వారాల్లోనే. చాలామందికి అప్పటికి గర్భం వచ్చినట్టే తెలియదు. ఆ సమయానికే తల్లి ఒంట్లో ఫోలిక్ ఆమ్లం ఉంటే వెన్నుపాము లోపాలు చాలావరకు తప్పుతాయి. బడిలో మాత్ర వేసుకునే అలవాటు పడిన అమ్మాయి, రేపు తల్లి కాబోయే ముందు కూడా ఆ మాత్ర విలువ గుర్తుంచుకుంటుంది.

మాత్రను పంచడం అయిదు నిమిషాల పని. అది ఎందుకో చెప్పడానికి మరో అయిదు నిమిషాలు పడుతుంది. ఆ రెండో అయిదు నిమిషాలు లేని బడిలోనే మాత్రలు కిటికీ బయట రాలుతాయి. మెట్రిక్ రెండుసార్లు తప్పిన కుర్రాడి కథ చెప్పి, మాత్ర చేతిలో పెట్టి చూడండి. పిల్లలకు మందు అంటే భయం ఉంటుందేమో గానీ, కథ అంటే ఉండదు. జనవరి 12న ఆయన పుట్టినరోజు. సంక్రాంతి సెలవులు ఇవ్వకముందే ఏ బడిలోనైనా ఒక పూట దీనికి కేటాయించవచ్చు.

బడిలో, ఇంట్లో ఇవి గుర్తుంచుకోండి

- ఒకటి నుంచి అయిదో తరగతి పిల్లలకు వారానికో గులాబి మాత్ర. ఇందులో 45 మిల్లీగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఆరు నుంచి పన్నెండో తరగతి వారికి వారానికో నీలం మాత్ర. ఇందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి.
- పరగడుపున వద్దు. అన్నం తిన్నాక మంచినీళ్లతో మింగాలి. టీ తాగే అలవాటుంటే మాత్రకు ముందూ వెనకా ఓ గంట ఆగాలి. నిమ్మ, ఉసిరి, జామ తింటే ఇనుము బాగా పడుతుంది.
- మలం నల్లగా వస్తే భయపడకండి. అది ఇనుము రంగే. మొదట్లో కాస్త వికారం ఉన్నా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.
- జ్వరంగా, నలతగా ఉన్న రోజున మాత్ర వేయకుండా టీచరుకు చెప్పాలి. సికిల్ సెల్, తలసీమియా ఉన్నట్టు తేలితే డాక్టరు చెప్పినట్టే నడుచుకోవాలి.
- ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇస్తారు. దాన్ని నమిలి మింగాలి. ఆ రోజు బడికి రానివాళ్లకు తర్వాత వేస్తారు, వదులుకోవద్దు.
- మరుగుదొడ్డికి వెళ్లేటప్పుడు, పొలానికి వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకోవాలి. తినేముందు, మరుగుదొడ్డి నుంచి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.
- ఫోలిక్ ఆమ్లం ఆకు పేరు పెట్టుకున్న విటమిన్. తోటకూర, పాలకూర, మునగాకు, బొబ్బర్లు, శనగలు, పెసలు, వేరుశనగలు, గుడ్డు, కాలేయం, వీటన్నిటిలోనూ దొరుకుతుంది. ఆకుకూరను ఎక్కువసేపు ఉడికించినా, ఉడికించిన నీళ్లు పారబోసినా చాలావరకు పోతుంది.
- ఫైలేరియా మాత్రలు పంచే రోజున అన్నం తిన్నాక, ఆరోగ్య కార్యకర్త ముందే మింగాలి. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లు వేసుకోకూడదు.
- బడి ఆవరణలో పెరడు కాస్త ఉంటే రెండు మునగ చెట్లు, ఒక తోటకూర మడి వేయించండి. మాత్ర వారానికోసారే. ఆకు మాత్రం రోజూ కంచంలో ఉండొచ్చు.